మూడున్నర పేజీల దానపత్రం

నేను దస్తావేజులు రాసి బతికేవాణ్ణి. వరంగల్‌లో రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోయే దారిలో రేకుల షెడ్డు కింద నాకొక బల్ల, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు ఉన్నాయి. ఇండ్ల అమ్మకాలు, దానపత్రాలు, భాగపంపకాలు, వీలునామాలు ముప్పై ఏళ్లుగా రాస్తున్నాను. నా రాత సంగతి తర్వాత చెబుతాను. ముందు నోటి సంగతి చెప్పాలి, ఎందుకంటే రెండింటికీ ఉన్నది ఒకే రోగం.

నేను ఎక్కువ మాట్లాడతాను. ఇదేదో నేను పెద్దమనసుతో ఒప్పుకుంటున్నది కాదు, మా వాడకట్టు మొత్తానికీ తెలిసిన విషయం. నన్ను దూరం నుంచి చూడగానే కొందరు ఫోను చెవికి పెట్టుకుంటారు. అవతల ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా వాళ్ల ఫోను అయిపోయేదాకా నిలబడి మరీ పలకరిస్తాను. ఒకసారి కాజీపేట నుంచి ఆటోలో వస్తూ డ్రైవరుకు మా మేనమామ మోకాలి ఆపరేషన్ గురించి చెబుతున్నాను. పాపం మర్యాదస్తుడు, ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. చివరికి మెల్లగా, "సార్, మీరు దిగే కాడ ఆపి శానాసేపైంది. ఎనుక ఇద్దరు ఎక్కుదామని నిలవడ్డరు," అన్నాడు. దిగాను కానీ ఆపరేషన్ ముచ్చట పూర్తయ్యాకే దిగాను.

మా ఆవిడ నా మాటలకు 'ఊ' కొట్టడం ఎప్పుడో మానేసింది. నేను వంటింటి గడపలో నిలబడి మొదలుపెడితే మిక్సీ వేస్తుంది. మిక్సీలో ఏమీ లేని రోజులు కూడా ఉన్నాయని నా అనుమానం.

తక్కువ మాట్లాడేవాళ్లంటే నాకు మొదటి నుంచీ చిరాకు. ఏది అడిగినా తల ఊపి ఊరుకుంటారు, లోకం వాళ్లను జ్ఞానులని అనుకుంటుంది. వాళ్లలో సగం మందికి చెప్పడానికి ఏమీ ఉండదు, అంతే. మనిషి మనిషికి ఇవ్వగలిగింది నాలుగు మాటలేనని, అవి నలభై అయితే ఇంకా మంచిదని నేను గట్టిగా నమ్మాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఏదో ఒక దిగులుతో వస్తారు. అన్నదమ్ములు విడిపోతున్నారని, ఇల్లు అమ్ముకోవాల్సి వచ్చిందని. వాళ్లను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మాట్లాడి మాట్లాడి తేలిక చేస్తానని నాకు గర్వం ఉండేది.

రాతలోనూ అంతే. నాకు పని నేర్పిన పెద్దాయన ఒక విషయానికి నాలుగు మాటలు వాడేవాడు. 'ఇష్టంతో' అంటే సరిపోదు. 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, సంపూర్ణ ఆరోగ్యంతో, స్థిరమైన బుద్ధితో' అని రాయాలి. ఒక్క సందు ఖాళీగా వదిలినా అక్కడి నుంచే తగాదా దూరుతుందని ఆయన భయం. ఆయన మాటలకు కారణం ఉండేది. నేను కారణాన్ని వదిలేసి మాటలు మాత్రం పట్టుకున్నాను. చేత్తో రాసే రోజుల్లో వేళ్లు నొప్పిపుట్టి ఎక్కడో ఒకచోట ఆగేవాణ్ణి. కంప్యూటరు వచ్చాక ఆ నొప్పి కూడా లేకుండా పోయింది.

అమ్మకం కాగితంలో ఎక్కువ ఆటకు వీల్లేదు. కొలతలు, హద్దులు, సొమ్ము ముట్టినట్టు ఒక మాట, అయిపోతుంది. దానపత్రం అలా కాదు. దానం ఇచ్చేవాళ్లు ఎందుకు ఇస్తున్నారో రాయాలి. 'ప్రేమానురాగాలతో' అనే మాట తప్పకుండా ఉండాలి. ఆ ఒక్క మాట దగ్గర నాకు తలుపు తెరుచుకున్నట్టు ఉండేది. ఆ ప్రేమ ఎప్పుడు పుట్టింది, ఎలా పెరిగింది, ఎవరు ఎవరికి జ్వరం వస్తే ఎన్ని రాత్రులు మేలుకున్నారు, అన్నీ రాసేవాణ్ణి. తోటి లేఖరులు నవ్వేవాళ్లు. "నీ దానపత్రం సదివితే ఇల్లెవలికి వచ్చిందో తెల్వది గని కండ్లల్ల నీళ్లైతే వస్తయ్," అని ఒకాయన అన్నాడు. నేను దాన్ని మెచ్చుకోలు కింద జమ కట్టుకున్నాను.

మా పనిలో ఇంకొక పద్ధతి ఉంది. కాగితం తయారయ్యాక, రాయించుకున్న మనిషికి దాన్ని పైకి చదివి వినిపించాలి. అందరికీ చదువు రాదు, వచ్చినవాళ్లకు కూడా ఆ భాష అర్థం కాదు. 'చదివి వినిపించగా విని, సరిగా ఉన్నదని ఒప్పుకొని' అని చివర ఒక వరుస ఉంటుంది. దాని కింద సంతకమో వేలిముద్రో పడుతుంది. చాలామంది లేఖరులు గబగబా గొణిగేసి ముగిస్తారు. నేను నిలబడి చదువుతాను. నా గొంతు బాగుంటుంది, ఆ సంగతి నాకు తెలుసు. పక్క బల్లల వాళ్లు కూడా పని ఆపి వింటారు.

మా చిన్నమ్మ దానపత్రం రాసింది నేనే.

ఆమె మా అమ్మకు చెల్లెలు. కొత్తవాడలో ఇల్లు. చిన్నాయన మగ్గం మీద జంపఖానాలు నేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. చిన్నాయన తమ్ముడి కొడుకును, తల్లి చిన్నప్పుడే పోతే, చిన్నమ్మే తెచ్చుకుని పెంచింది. వాడు ఆమెను పెద్దమ్మ అంటాడు, నన్ను అన్న అంటాడు. ఇప్పుడు వాడికి కాజీపేటలో రైల్వే ఉద్యోగం, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. చిన్నాయన పోయాక ఇల్లు చిన్నమ్మ పేరు మీదికి వచ్చింది. వెనక భాగంలో వాళ్లు, ముందు రెండు గదుల్లో ఈమె ఉండేవాళ్లు. మగ్గం తీసేసినా ఆమె పని మానలేదు. ముందు గది తలుపు బార్లా తెరుచుకుని, రాట్నం ముందు వేసుకుని, పక్క మగ్గాల వాళ్లకు కండెల మీద నూలు చుట్టి ఇచ్చేది. రోడ్డు మీద పోయే ప్రతి ఒక్కరూ ఆమెను పలకరించి పోవాల్సిందే.

రెండేళ్ల క్రితం ఆమె నా బల్ల దగ్గరికి వచ్చింది. ఇల్లు వాడి పేర రాసేస్తానని చెప్పింది. నేను పాయింట్లు రాసుకునే నోటుబుక్కు తీశాను.

"ఇల్లు వానికే ఇస్త. నేను పోయినంక ఎట్లైనా వానిదేనాయె," అంది. "కని ముంగటి రెండర్రలు నా పానం ఉన్నన్ని దినాలు నాయే. నన్ను ఎవలు లెవ్వుమనొద్దు. అది రాయి కొడుకా."

"రాస్త చిన్నమ్మా. అది నాకు ఇడిసిపెట్టు."

"మరిసిపోవుగద?"

"నేనా మర్సిపోయేది? ముప్పై ఏండ్లసంది ఇదే పని చేస్తాన్న," అని మొదలుపెట్టి, నేను రాసిన గొప్ప గొప్ప కాగితాల కథలన్నీ చెప్పాను. ఆమె విన్నది. విని, చాయ్ తాగి, బస్సుకు పోయింది.

మర్నాడు పొద్దున రాయడానికి కూర్చున్నాను. మా చిన్నమ్మ కాగితం, మా చిన్నాయన ఇల్లు. చెయ్యి ఆగుతుందా? ఆమె కోడలిగా ఆ ఇంట్లో కాలు పెట్టిన రోజు నుంచి ఎత్తుకున్నాను. చిన్నాయన మగ్గం ముందు కూర్చునే తీరు, ఎర్ర చారలు నీలి చారలు ఎంచుకునే తీరు, నేసిన జంపఖానా మీద మొదట భార్యను కూర్చోబెట్టి గట్టిదనం చూసే అలవాటు, అన్నీ రాశాను. తల్లి లేని పిల్లవాడు ఆమె కొంగు పట్టుకుని నిద్రపోయిన ముచ్చట రాశాను. వాడి చదువు, వాడి ఉద్యోగం, వాడు మొదటి జీతంతో తెచ్చిన చీర. మధ్యాహ్నం అన్నం కూడా తినలేదు. మూడున్నర పేజీలు వచ్చింది. హద్దులు, కొలతలు అన్నీ సరిచూసుకున్నాను. నా జీవితంలో అంత బాగా ఏదీ రాయలేదని అనిపించింది. ఇప్పటికీ అలాగే అనిపిస్తుంది, అదే దరిద్రం.

రిజిస్ట్రేషన్ రోజు షెడ్డు కింద అందరూ చేరారు. చిన్నమ్మ, తమ్ముడు, వాడి భార్య, సాక్షి సంతకాలకు పక్కింటి నేతగాడు, ఇంకొకాయన. నేను నిలబడి చదివాను. రెండో పేజీకి వచ్చేసరికి చిన్నమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది. చీర ముచ్చట దగ్గర తమ్ముడు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. నేతగాడు ముక్కు చీదాడు. పక్క బల్ల దగ్గర ఎవరో అమ్మకానికి వచ్చిన ముసలాయన, తన పని మానుకుని వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. చదవడం అయ్యాక ఒక్క క్షణం కూడా ఆగకుండా, ఆ పేజీల్లో పట్టని ముచ్చట్లు ఇంకో నాలుగు చెప్పాను. చిన్నమ్మ వేలిముద్ర వేసింది. లోపల ఆఫీసరు ఇష్టంతోనే ఇస్తున్నావా అని అడిగితే అవునంది. బయటికి వచ్చి అందరం చాయ్ తాగాం. ఆ రోజు నేను చాలా సంతోషంగా ఇంటికి పోయాను.

మొన్న ఎండాకాలం మొదట్లో చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె ఫోనులో రెండు మాటలకు మించి మాట్లాడదు, నా గొంతు వినబడగానే వినడానికి సిద్ధపడిపోతుంది. ఆ రోజు మాత్రం నన్ను మొదలుపెట్టనీయలేదు.

"కొడుకా, తమ్ముడు ముంగటి అర్రలు కూలగొట్టి మడిగెలు ఏస్తడట. నన్ను పైన అర్ర కట్టిస్త, ఆడ ఉండు అంటాండు. మెట్లు నేనెట్ల ఎక్కుదు? కాయిదంల ఉన్నది గద, జర వచ్చి వానికి సదివి జెప్పు."

మడిగెలంటే రోడ్డు వైపు షట్టర్లు పెట్టి కట్టే దుకాణాలు. కొత్తవాడలో ఇప్పుడు ఇంటికొకటి వస్తోంది. తమ్ముడిని తప్పు పట్టడానికి లేదు. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ముందు భాగం ఊరికే ఉంటోందని వాడికి అనిపించింది. పెద్దమ్మకు పైన కొత్త గది, బాత్రూమ్‌తో సహా కట్టిస్తానంటున్నాడు. కానీ ఆమెకు మోకాళ్లు వంగవు. గడప దాటడానికే తలుపు పట్టుకుంటుంది. పైకి ఎక్కించారంటే మళ్లీ ఆమె కిందికి దిగేది ఉండదు. రాట్నం, రోడ్డు, పలకరింపులు అన్నీ పోయి, పొద్దంతా గోడ చూస్తూ కూర్చోవాలి.

నాకేం ఫికర్ లేదు. కాగితంలో ఉంది, చదివితే అయిపోతుంది అనుకుని ఆదివారం పొద్దున పోయాను. చిన్నమ్మ పెట్టెలోంచి దస్తావేజు తీసి ఇచ్చింది. ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన తువ్వాల చుట్టి దాచుకుంది. తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకుని, గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీ అయింది. రెండో పేజీ అయింది. మూడో పేజీలో వస్తుందనుకున్నాను. మూడో పేజీలో చీర వచ్చింది. మిగిలిన సగం పేజీలో హద్దులు వచ్చాయి. అయిపోయింది.

మళ్లీ మొదటి పేజీకి తిప్పాను. ఈసారి పైకి చదవలేదు, వేలు పెట్టి వరుస వరుసా చూశాను. ఆ ఇంటి గురించి ఏమేమో ఉంది. చిన్నాయన కష్టం ఉంది. ఆమె మనసు ఉంది. రెండు గదులు లేవు. ఆమె బతికినన్నాళ్లు ఉండవచ్చన్న మాట ఎక్కడా లేదు.

అప్పుడు నేను చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. మాట్లాడాను. అరగంట మాట్లాడాను. దానం అంటే ఏమిటో, కుటుంబం అంటే ఏమిటో, చట్టం అంటే ఏమిటో, పెద్దవాళ్లను చూసుకోవడం ఎంత పుణ్యమో, హన్మకొండలో ఒక ఇంట్లో ఇలాగే జరిగితే చివరికి ఏమైందో, అన్నీ చెప్పాను. తమ్ముడు ఓపిగ్గా విన్నాడు. చివరికి ఒక్కటే అడిగాడు.

"అన్నా, ఏ పేజీల ఉన్నదో జర సూపెట్టు."

"అది... దీంట్ల భావం ఉన్నది తమ్మీ."

"భావం గాదన్నా. రాసి ఉన్నదా?"

చిన్నమ్మ నన్నే చూస్తోంది. ఆమెకు చదువు రాదు, నా ముఖం మాత్రం చదవగలదు. నేను అబద్ధం చెప్పాను. అసలు కాపీ షెడ్డులో ఉంది, చూసి చెబుతానని లేచాను. తమ్ముడు గేటు దాకా వచ్చాడు. వచ్చే బుధవారం మేస్త్రీ కొలతలకు వస్తాడని, ఆలోపు చెప్పమని అన్నాడు. వాడి మాటలో కోపం లేదు, అదే నాకు ఇంకా కష్టంగా ఉంది.

షెడ్డుకు పోయి కంప్యూటరు తెరిచాను. అసలు కాపీ అంటూ వేరే ఏమీ లేదని నాకు తెలుసు, అయినా వెతికాను. 'గది' అని కొట్టి వెతికాను, లేదు. 'నివసించు' అని వెతికాను, లేదు. తర్వాత పాత నోటుబుక్కుల కట్ట విప్పాను. ఆ రోజు పేజీ దొరికింది. పైన చిన్నమ్మ పేరు, దాని కిందే మొదటి పాయింటు, నా చేతిరాతలోనే ఉంది: 'ముందు రెండు గదులు, బతికినన్నాళ్లు ఆమెవే.' కింద గీత కూడా గీశాను. రాసుకున్నాను, గీత గీశాను, మర్నాడు కథలో పడి దాన్ని వదిలేశాను. ఆమె అడిగింది అదొక్కటే. ఆ మూడున్నర పేజీలు ఆమె అడగలేదు.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. ఆమె స్టవ్వు ఆపి విన్నది, మిక్సీ జోలికి పోలేదు. తమ్ముడితో రేపు ఇలా ఇలా మాట్లాడతానని, ముందు వాడి చిన్నతనం గుర్తుచేసి, తర్వాత మెల్లగా విషయంలోకి వస్తానని, వివరంగా చెప్పుకొచ్చాను.

"అయిపోయిందా?" అంది.

"ఆఁ."

"ఇంతసేపు చెప్పినవు గని, తప్పు ఎవలదో ఇంకా రాలే నీ నోట్లెకెళ్లి."

నాకు చాలా కోపం వచ్చింది. అన్నం ముందు నుంచి లేచి అటూ ఇటూ తిరిగాను. కోపం ఎందుకంటే, ఆమె చెప్పింది నిజం. వాడికి చెప్పబోయే మాటల్లో పెద్దమ్మ త్యాగం ఉంది, వాడి బాధ్యత ఉంది, కాలం మారిపోవడం ఉంది. నా తప్పు ఒక్కటీ లేదు. ఇన్నేళ్లూ నేను అంత మాట్లాడేది ఇందుకేనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

సోమవారం కాజీపేట పోయాను. వాడు పనిచేసే చోటు గేటు బయట చాయ్ బండి ఉంది. ఫోన్ చేస్తే వచ్చాడు. పది నిమిషాలే టైముందన్నాడు. రెండు చాయ్‌లు చెప్పి, నోటుబుక్కు తెరిచి వాడి ముందు పెట్టాను.

"తమ్మీ, పెద్దమ్మ నాకు చెప్పింది. నేను రాసుకున్న. దస్తావేజుల ఎక్కియ్యలేదు. తప్పు నాది."

అంతే అన్నాను. అని నోరు మూసుకున్నాను. ఆ తర్వాత ఉన్న నిశ్శబ్దం నాకు ఎంత కష్టమైందో మాటల్లో చెప్పలేను, చెబితే మళ్లీ పేజీ అవుతుంది. నాలుక మీదికి పది మాటలు వచ్చాయి. చాయ్ కాలుతున్నా గుటకలు వేసి వాటిని లోపలికి తోశాను. వాడు ఆ ఒక్క వరుసను చాలాసేపు చూశాడు.

"పెద్దమ్మ నాకెన్నడు చెప్పలేదన్నా ఈ ముచ్చట."

"కాయిదంల ఉన్నదనుకున్నది."

"నేను సుత ఆమె ఊకె మారాం చేస్తాంది అనుకున్న." నోటుబుక్కు మూసి నాకిచ్చాడు. "మేస్త్రీకి అడ్వాన్సు సుత ఇచ్చిన. రెండు మడిగెలకు కిరాయిదార్లు సుత తయారున్నరు. ఇంట్ల ఏమంటరో."

వాడు గ్లాసు బండి మీద పెట్టి, "సాయంత్రం మాట్లాడుత," అని లోపలికి పోయాడు. వాడు ఒప్పుకున్నాడో లేదో కూడా నాకు తెలియలేదు. ఆ సాయంత్రం దాకా బల్ల దగ్గర కూర్చున్నాను గానీ ఒక్క కాగితం సరిగా రాయలేకపోయాను. వాడు కాదంటే చట్టం ముందు నేను చేయగలిగింది ఏమీ లేదు. చిన్నమ్మకు మెట్లు తప్పవు.

చీకటి పడే వేళ వాడే ఫోన్ చేశాడు. "అన్నా, ఇంట్ల జర లొల్లి అయింది గని, సరే. మడిగె ఒక్కటే ఏస్త, పక్క సందు దిక్కు. ముంగటి అర్రలు ముట్ట. కాయిదం రాయి." నేను థాంక్స్ అన్నాను. ఇంకేదో అనబోయాను, వాడు అప్పటికే పెట్టేశాడు.

సవరణ దస్తావేజు రాయడానికి కూర్చున్నాను. ఇల్లు ఫలానా, పాత దస్తావేజు ఫలానా. ముందు భాగంలోని రెండు గదుల్లో దాత తన జీవితాంతం ఉండే హక్కు కలిగి ఉంటుంది, ఆమెను ఎవరూ ఖాళీ చేయించకూడదు. ఇది లేఖరి పొరపాటు వల్ల మొదటి దస్తావేజులో రాలేదు. అంతే. 'పొరపాటు' అనే మాట ముందు ఏదైనా చేర్చి దాన్ని కొంచెం మెత్తబరచాలని చేతులు లాగాయి. చేర్చలేదు. హద్దుల పట్టిక తీసేస్తే మొత్తం ఆరు వరుసలు.

మళ్లీ అదే షెడ్డు, అదే బల్ల. చిన్నమ్మ, తమ్ముడు, సాక్షులు వచ్చారు. తమ్ముడి భార్య రాలేదు. నేను కూర్చునే చదివాను. పక్క బల్లల వాళ్లు ఎవరూ తల ఎత్తలేదు. అయిపోయాక కాగితం బల్ల మీద పెట్టి, చేతులు రెండూ ఒడిలో పెట్టుకుని అడిగాను.

"ఏమన్న అడుగుతవా చిన్నమ్మా?"

ఆమె కాగితాన్ని చూసింది, నన్ను చూసింది.

"అంతేనా?"

"అంతే."

"మీ చిన్నాయిన ముచ్చట లేదా దీంట్ల?"

"అది మొదటి దాంట్ల ఉన్నది. దీంట్ల నీ అర్రలే ఉన్నయి."

ఆమె కొంచెం నిరాశపడ్డట్టు కనిపించింది. తర్వాత తల ఊపింది. నేను ఇంకుప్యాడు మూత తీశాను. ఆమె వేలు పెట్టకుండా ఆగింది. నేనూ ఏమీ అనకుండా ఆగాను. తమ్ముడు ఫోనులో ఏదో చూసుకుంటున్నాడు.

"మొదటిపాలి సుత అడుగుదామనే అనుకున్న కొడుకా," అంది.

"ఏమని?"

"నా అర్రల ముచ్చట యాడున్నదని. నువ్వు సదువుతాంటె అందరు ఏడ్సిన్రు, నేను సుత ఏడిసిన. ఏడ్సుకుంటనే ఇన్న, ఇగ వస్తదేమో ఇగ వస్తదేమో అని. రాకపాయె. ఆఖరుకు నోరు తెరిసిన."

"మరి అడగకపోతివి?"

"నువ్వు మాట్లాడుతాన్నవు," అంది చిన్నమ్మ, ప్యాడులో వేలు అద్దుతూ. "ఇంకు పెట్టేటప్పుడు సుత సూసిన. అప్పుడు సుత నువ్వే మాట్లాడుతాన్నవు."